నోరీన్ చదివిన కథ

డ్వేన్ హాస్కెల్‌కి నలభై ఆరో ఏట అదృష్టమూ తలనొప్పీ ఒకే వారంలో పట్టుకున్నాయి.

సోమవారం న్యూయార్కు నుంచి ఒక పెద్ద పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసి, "మీ కథ వేసుకుంటున్నాం" అంది. బుధవారం అతని అక్క నోరీన్ ఫోన్ చేసింది. "అది అచ్చయితే నాకు ఇద్దరు తమ్ముళ్ళూ పోయారనుకుంటాను" అని పెట్టేసింది.

ఆ కథ పోయిన తమ్ముడి గురించే.

డ్వేన్ ఉండేది అమెరికాకి ఈశాన్యపు కొసన, మెయిన్ రాష్ట్రంలో, నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. ఒకప్పుడు అక్కడ కాగితం మిల్లు ఉండేది. అది మూతపడ్డాక ఊళ్ళో పుష్కలంగా మిగిలింది చలి ఒక్కటే. డ్వేన్ బతుకుతెరువు ఆ చలితోనే. శీతాకాలమంతా మునిసిపాలిటీ లారీకి ముందు ఇనప రెక్క తగిలించుకుని రోడ్ల మీద మంచు తోస్తాడు. ఎండాకాలం, తాను మంచుతో పాటు పీకేసిన రోడ్డుకి గుంతలు పూడుస్తాడు. "నా పని నేనే పుట్టించుకుంటాను. ఇలాంటి ఉద్యోగి ఏ ఊరికి దొరుకుతాడు?" అనేవాడు.

రాయడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఊరి లైబ్రరీ పాత పుస్తకాలు తీసేస్తుంటే డిక్షనరీ రెండో సంపుటం దొరికింది. మొదటిది అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. అక్షరమాలలో మొదటి సగం మాటలు తనకి ఈనాటికీ సరిగా రావని చెప్పుకునేవాడు.

ఊరి వారపత్రికలో ఏళ్ళ తరబడి ఒక చిన్న శీర్షిక రాస్తున్నాడు. అందులో వెధవ ఎప్పుడూ డ్వేనే. మంచు తోస్తూ తోస్తూ సొంత కారుని మంచులో పూడ్చేసి, దొంగతనం జరిగిందని పోలీసులకి ఫోన్ చేసినవాడు డ్వేన్. విడాకుల రోజున కోర్టుకి దారి తప్పి ఆలస్యంగా వెళ్ళి, "ఆవిడ ఎందుకు విడాకులడుగుతోందో వాదనలు వినకుండానే అర్థమైంది" అని జడ్జి చేత అనిపించుకున్నవాడు డ్వేన్. జనం చదివి నవ్వుకునేవాళ్ళు. ఎవరైనా అతణ్ణి ఒక మాట అందామనుకునేలోపు ఆ మాట అతనే అనేసుకునేవాడు. ఇక వాళ్ళకి అనడానికి ఏమీ మిగిలేది కాదు.

అతని గురువు మిసెస్ క్రౌలీ. ఎనభైకి దగ్గర పడిన మనిషి. పొడుగు. మోకాళ్ళు అరిగిపోయాయి. మూతపడ్డ చెప్పుల షాపు మీది రెండు గదుల్లో ఒంటరిగా ఉంటుంది. ఏడు కథల పుస్తకాలు రాసింది. ఏడూ ఈ ఊరి మీదే. తమని కథల్లో పెట్టిందని ఊళ్ళో సగం మందికి కోపం, పెట్టలేదని మిగతా సగానికి. బయట పెద్ద పెద్ద ఊళ్ళలో ఆవిడ పేరు చెప్తే లేచి నిలబడతారట. ఇక్కడ ఆవిడ కిరాణా కొట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి.

ఆవిడ ప్రతి కథలోనూ ఒక పొడుగాటి టీచరమ్మ వస్తుంది. మొగుడు మంచాన పడి ఉంటే పుస్తకాల సభకి ప్రయాణమవుతుంది. స్నేహితురాలు ఏడుస్తూ చెప్పుకున్న రహస్యాన్ని ఇంటికెళ్ళి రాసుకుంటుంది. ఏ కథ చూసినా అందులో అందరికంటే తక్కువ మనిషి ఆవిడే. మిసెస్ క్రౌలీకి ఆ ఒక్క విషయంలో కల్పన చాలదని డ్వేన్ అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆవిడ దగ్గర ఎప్పుడూ బయటపెట్టలేదు. అతనికి తెలివి తక్కువే కానీ మరీ అంత తక్కువ కాదు.

గురువారం సాయంత్రాలు ఆవిడ వంటగదిలో నలుగురైదుగురు శిష్యులు చేరేవారు. అక్కడో పద్ధతి ఉంది. ఎవరి కథ వాళ్ళు చదవకూడదు. ఇంకొకరు పైకి చదవాలి. "రాసినవాడి గొంతులో ప్రతి కథా బాగానే ఉంటుంది" అనేది ఆవిడ. చదువుతున్నంతసేపూ, ఆ తర్వాత మిగతావాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ, రాసినవాడు ఫ్రిజ్ పక్క కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవాలి. "నా ఉద్దేశం అది కాదండీ" అనడానికి వీల్లేదు.

"ఎందుకు మేడమ్? ఒక్క ముక్క చెప్తే వాళ్ళకి అర్థమవుతుంది కదా" అని డ్వేన్ కొత్తలో అడిగాడు.

"పుస్తకం కొనుక్కున్న ప్రతివాడి ఇంటికీ వెళ్ళి ఆ ఒక్క ముక్కా చెప్పొస్తావా?" అంది ఆవిడ.

డ్వేన్ నోరైతే మూసుకున్నాడు కానీ ముఖంతో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. కనుబొమలు ఎగరేసేవాడు, తల పట్టుకునేవాడు. చూసి చూసి ఆవిడ ఆ కుర్చీని గోడవైపు తిప్పించింది. అప్పటినుంచి అందరూ గోడవైపే కూర్చుంటున్నారు. ఆ శిక్ష తన వల్లే వచ్చిందని డ్వేన్‌కి కొంచెం గర్వం కూడా.

అక్క ఫోన్ చేశాక వచ్చిన శనివారం పొద్దున, ఒక కాఫీపొడి డబ్బా పట్టుకుని ఆవిడ మెట్లెక్కాడు.

"కథ వేస్తున్నారటగా" అంది మిసెస్ క్రౌలీ.

"మీదాకా వచ్చేసిందా?"

"నీకు తెలిసిన సంగతి ఊరికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?"

నిజమే. బార్లో చెప్పాడు. పెట్రోలు బంకులో చెప్పాడు. పళ్ళ డాక్టరు నోట్లో పనిముట్లు పెట్టి పని చేసుకుంటుంటే, ఆ పనిముట్ల మధ్యనుంచే చెప్పాడు.

"మా అక్క వద్దంటోంది మేడమ్."

"ఎందుకట?"

"కథలో తనుంది."

మిసెస్ క్రౌలీ కుర్చీ చూపించింది. డ్వేన్ కూర్చున్నాడు. ఊళ్ళో అందరికీ పైపైన తెలిసిందే, ఆవిడకి మళ్ళీ చెప్పాడు.

తమ్ముడు కోడీ కలప అడితిలో పని చేసేవాడు. ఒంటి మీద దుంగ పడి నడుము విరిగింది. డాక్టరు నొప్పి మాత్రలిచ్చాడు. నొప్పి పోయింది కానీ మాత్రలు పోలేదు. కొన్నాళ్ళకి పని పోయింది, ఇల్లు పోయింది. ఆరేళ్ళ కిందట జనవరిలో ఒక పొద్దున, ఒళ్ళు కొరికే చలిలో, నడుచుకుంటూ వెళ్ళి నోరీన్ ఇంటి తలుపు కొట్టాడు. ఆమె తియ్యలేదు. మధ్యాహ్నానికి నది ఒడ్డున పడవల షెడ్డులో దొరికాడు. చలికి బిగుసుకుపోయి ఉన్నాడు.

డ్వేన్ కథలో అక్క కర్టెన్ వెనక కాఫీ కప్పుతో నిలబడి ఉంటుంది. కప్పులోంచి లేచిన ఆవిరి కిటికీ అద్దానికి పట్టి, బయట ఉన్న తమ్ముడి ముఖం మెల్లగా చెరిగిపోతుంది. ఆ ఒక్క వాక్యం కోసం డ్వేన్ రెండు శీతాకాలాలు కష్టపడ్డాడు. అక్కడికి వచ్చేసరికి న్యూయార్కు సంపాదకురాలికి ఏడుపొచ్చిందట.

"అబద్ధం ఒక్కటీ రాయలేదు మేడమ్" అన్నాడు. "తలుపు తియ్యలేదని పోలీసులకి తనే చెప్పింది. నేను పుట్టించిందేం లేదు."

"ఊఁ."

"పైగా దయగానే రాశాను. చదివితే కదా తెలిసేది. అసలు చదవకుండానే వద్దంటే ఎట్లా?"

"చదవలేదా?"

"చదవనంది."

మిసెస్ క్రౌలీ కాఫీ డబ్బా మూత తీసి వాసన చూసింది. మళ్ళీ మూత పెట్టింది.

"గురువారం రా. కథ పట్టుకురా."

"శుక్రవారానికల్లా ఒప్పందం మీద సంతకం పెట్టి పంపాలి మేడమ్."

"గురువారం ఎప్పుడూ శుక్రవారానికి ముందే వస్తుంది" అంది ఆవిడ.

మెట్లు దిగుతూ డ్వేన్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. శిష్యులందరి ముందూ కథ చదివిస్తుంది కాబోలు. అందరూ బాగుందంటారు. అప్పుడు ఆవిడే "పంపు" అంటుంది. గురువు పంపమన్నదని అక్కకి చెప్పొచ్చు. తప్పు ఏదన్నా ఉంటే అది సాహిత్యం ఖాతాలోకి పోతుంది.

గురువారం వెళ్ళేసరికి వంటగదిలో శిష్యులెవరూ లేరు. బల్ల దగ్గర నోరీన్ కూర్చుని ఉంది.

ఆమె ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయాగా చేస్తుంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, లోపల నీలం యూనిఫారం. పైన కోటు కూడా విప్పలేదు.

"మిగతావాళ్ళని ఇవాళ రావద్దన్నాను" అంది మిసెస్ క్రౌలీ.

డ్వేన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వేంటి ఇక్కడ?"

"ఈవిడ ఫోన్ చేశారు" అంది నోరీన్. "చదవకుండా వద్దనడం న్యాయం కాదని నువ్వన్నావటగా. నిజమే కదా అనుకుని వచ్చాను."

"మీ అక్క చదువుతుంది. నువ్వు నీ కుర్చీలో కూర్చో" అంది మిసెస్ క్రౌలీ.

"మేడమ్, ఇది క్లాసు కాదు కదా..."

"కుర్చీ అదే."

డ్వేన్ కాగితాలు అక్క ముందు పెట్టాడు. వెళ్ళి ఫ్రిజ్ పక్కన గోడకి ఎదురుగా కూర్చున్నాడు. అక్క ముఖం కనపడకపోవడం ఒకందుకు మంచిదేననుకున్నాడు. గోడ మీద సున్నం ఒక చోట పెచ్చు లేచి ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

నోరీన్ కళ్ళజోడు పెట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది.

ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. ఆశ్రమంలో ముసలివాళ్ళకి మందు సీసా మీద రాసింది చదివి వినిపించే గొంతు అది. ఏది ఎన్నిసార్లు మింగాలో చెప్పినట్టే కథా చదువుతోంది. వాళ్ళమ్మ కుక్క చర్చిలో పాదిరీ గారి బూటు ఎత్తుకుపోయిన చోట చిన్నగా నవ్వింది. డ్వేన్ భుజాలు కాస్త దిగాయి. పరవాలేదు, నవ్వింది.

కోడీ నడుము విరిగిన చోట దగ్గింది. మళ్ళీ చదివింది.

ఆ వాక్యం వచ్చింది. నోరీన్ ఆగలేదు. గొంతు మారలేదు. కర్టెన్, కప్పు, ఆవిరి, చెరిగిపోయిన ముఖం, అన్నీ ఒకే నడకలో దాటేసింది. సంపాదకురాలిని ఏడిపించిన వాక్యం, ఒక ఆడమనిషి కాఫీ తాగుతూ నిలబడిందన్న సమాచారంలా వినపడింది.

కథ అయిపోయింది. కాగితాలు సర్దిన చప్పుడైంది.

"చెప్పండి" అంది మిసెస్ క్రౌలీ.

"ఏం చెప్పాలండీ?"

"ఇక్కడ చదివినవాళ్ళు తమకి తోచింది చెప్తారు. రాసినవాడు వింటాడు. అంతే."

నోరీన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"బాగా రాశాడు" అంది చివరికి. "వీడికి చిన్నప్పటినుంచీ మాటలొచ్చు. కోడీ నడక సరిగ్గా పట్టుకున్నాడు, ఆ ఎడమకాలు ఈడవడం. అమ్మ ఉంది. కుక్క ఉంది. నాన్న చనిపోయిన ఏడాది ఆ ఎర్రచొక్కా సంగతి కూడా ఉంది." ఆగింది. "వీడు లేడు."

డ్వేన్ తల తిప్పబోయాడు.

"గోడ" అంది మిసెస్ క్రౌలీ, మెల్లగా.

"మీకు తెలీదు కదండీ" నోరీన్ ఆవిడతోనే మాట్లాడుతోంది. "తలుపు తియ్యకూడదనుకున్నది మేమిద్దరం. క్రిస్మస్ మర్నాడు, మా ఇంట్లో, నా బల్ల దగ్గర కూర్చుని అనుకున్నాం. చర్చి కింది గదిలో, ఇట్లా మాత్రలకి బానిసలైనవాళ్ళ కుటుంబాలు కలుసుకుంటాయి. జాలిపడి తలుపు తీసినన్నాళ్ళూ వాడు ఆస్పత్రికి పోడు, గట్టిగా ఉండండి, అని అక్కడ చెప్పారట. వెళ్ళి విన్నది వీడు. వచ్చి నా చేత ఒట్టు వేయించుకున్నాడు. 'నువ్వు మెత్తని దానివి నోరీన్, తీసేస్తావు' అన్నాడు. తియ్యనన్నాను. తియ్యలేదు."

ఫ్రిజ్ రొద ఆగింది. గది ఒక్కసారిగా పెద్దదైనట్టయింది.

"వీడి తప్పని కాదు. అక్కడివాళ్ళూ మంచికే చెప్పుంటారు. గడియ దగ్గర నిలబడింది నేను. చెయ్యి నాది."

నోరీన్ కోటు గుండీ ఒకటి పెట్టుకున్న చప్పుడు వినపడింది.

"ఇంకో సంగతి ఉంది. ఎవరికీ చెప్పలేదు." ఆమె గొంతు ఇప్పుడు అతని వీపువైపు తిరిగింది. "డ్వేన్, ఆ పొద్దున వాడు తలుపు కొట్టడం మానేసి కాసేపు ఊరికే మాట్లాడాడు. వాడికి కోపం లేదు. 'డ్వేన్ లారీ ఇప్పుడే నన్ను దాటిపోయింది నోరీన్' అన్నాడు. 'ఆగలేదులే, డ్యూటీలో ఉన్నాడు. హారన్ కొట్టాడు నన్ను చూసి' అన్నాడు. నవ్వుతూ చెప్పాడు. నువ్వు పలకరించావనుకున్నాడు."

గోడ మీది పెచ్చు డ్వేన్ కళ్ళ ముందు కొంచెం కదిలింది.

ఆ మలుపు అతనికి తెలుసు. రెక్క ముందు పొడిలా ఎగురుతున్న మంచు తెలుసు. రోడ్డు వార ఎడమకాలు ఈడుస్తూ నడుస్తున్న మనిషి ఎవరో లారీ ఇంకా దూరాన ఉండగానే తెలిసింది. ఆపితే ఎక్కుతాడు. ఎక్కితే ఇంటికొస్తానంటాడు. ఒట్టు వేయించుకున్నవాడు తను. హారన్ పలకరించడానికి కొట్టలేదు. పక్కకి తప్పుకోమని కొట్టాడు.

ఈ ఆరేళ్ళలో ఆ మలుపు ఎప్పుడు గుర్తుకొచ్చినా డ్వేన్ ఇంటికెళ్ళి ఏదో ఒక తమాషా రాసేవాడు. వారపత్రికలో శీర్షిక ఒక్క వారం కూడా తప్పలేదు. సంపాదకుడు ఎంతో మెచ్చుకునేవాడు.

నోరు తెరిచాడు. ముందుగా నాలుక మీదకి వచ్చింది ఒక జోకు. తన మీదే. బాగానే ఉంది కూడా, వింటే నోరీన్ నవ్వేదేమో. అది అట్లా నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డందుకు అతనికి ఒళ్ళు జలదరించింది. నోరు మూసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ అతనికి ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది మిసెస్ క్రౌలీ.

"చెప్తే ఇదీ రాస్తాడండీ" అంది నోరీన్. "పేపర్లో. తన మీదే వేసుకుని. ఊరంతా నవ్వుతుంది. వాళ్ళతో పాటు నేనూ నవ్వాల్సొస్తుంది."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. చేతి తొడుగులు వేసుకుంటోంది.

"అచ్చు వేసుకో డ్వేన్. ఫోన్లో అన్న మాట ఏదో కోపంలో అన్నాను. ఇందులో ఉన్నది నేనే. కాదనను." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "కాఫీ ఒక్కటీ తీసెయ్యి, వీలుంటే. ఆ పొద్దున నాకు గొంతు దిగలేదు."

తలుపు మూసుకుంది. చెక్క మెట్ల మీద ఆమె బరువైన బూట్లు ఒక్కొక్క మెట్టే దిగుతూ వెళ్ళాయి.

మిసెస్ క్రౌలీ లేవలేదు. డ్వేన్ తనంత తానే కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. బల్ల మీద అతని కథ ఉంది. అంచులు కలిపి, నీటుగా, ఎవరో మంచం మీద దుప్పటి మడిచి పెట్టినట్టు పెట్టి వెళ్ళింది నోరీన్.

కింద వీధిలో ఆమె కారు అద్దం మీద కట్టిన మంచుని గీకుతోంది. గర్ గర్‌మని ఆ చప్పుడు పైదాకా వస్తోంది.

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా మేడమ్?"

మిసెస్ క్రౌలీ అతని వైపు చూసింది.

"నాతోనా?" అంది.